దాటలే, మళ్లినయి

“నీ కణాలు ఒకదాన్నొకటి దాటి పోతున్నయి స్నేహా. సాఫ్ట్‌వేర్ గదే చెప్తాంది.”

“నీ సాఫ్ట్‌వేర్‌కు చత్వారమొచ్చింది. జర అద్దాలు పెట్టియ్యి!”

ల్యాబ్‌లో మొదలైన పోట్లాటను విజేందర్ ఆదివారం పొద్దున్నే బైకు మీద హైదరాబాద్ నుంచి కల్వకుర్తి పక్కన స్నేహలత ఊరిదాకా మోసుకొచ్చాడు. ఆ సాఫ్ట్‌వేర్ రాసింది అతనే మరి. బయట వాన. అరుగు మీద ల్యాప్‌టాప్. ఇద్దరి భుజాలూ తగులుతున్నా ఎవరూ జరగడం లేదు.

ఎదుగుతున్న ఎలుక మెదడులో గ్లియా కణాలు నడుస్తున్న వీడియో అది. అవి నడిచి నడిచి ఒకచోట కుదురుకుని, ముదిరాక నరాలకు తొడుగు చుడతాయి. దారిలో రెండు తగిలితే వెనక్కి మళ్లుతాయనీ, అందుకే దేని జాగా దానికి దొరుకుతుందనీ స్నేహ వాదన. దాటిపోతాయని తేలితే ఆమె మూడేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

గొంగడి దులుపుకుంటూ వచ్చిన తండ్రి పర్వతాలును స్నేహ పక్కన కూర్చోబెట్టుకుంది.

“నాయినా, గీ రెండు దాటినయా, మళ్లినయా?”

మూడు వందల గొర్లను ఏనాడూ లెక్కపెట్టని మనిషి ఆయన. దొడ్లోకి పోతుంటే చూసి, ఏది రాలేదో చెప్పేస్తాడు. వీడియో మూడుసార్లు చూశాడు.

“కొస వంకరున్నది ఎడమకెల్లి వచ్చింది, ఎడమకే పోయింది. దాటలే బిడ్డా, మళ్లినయి.”

విజేందర్ నవ్వబోయి ఆగాడు. పని తొందరగా కావాలని తానే తీసేసిన ఫ్రేములన్నీ తెరిచి, ఒక్కొక్కటే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“మళ్లినయి. మధ్య ఫ్రేములు లేక సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని ఇంకోటనుకున్నది. తప్పు నాదే.”

“మరి నా బిడ్డ చెప్తే ఎందుకు నమ్మలే?” అన్నాడు పర్వతాలు.

“ఇగ నమ్ముత.”

“ఎన్ని పొద్దులు?”

విజేందర్ స్నేహ వైపు చూశాడు. “బతికినన్ని పొద్దులు. మీరిద్దరు ఒప్పుకుంటే.”

పర్వతాలు మీసాల్లో నవ్వుకున్నాడు. “నేనెందుకు వద్దంట? దాన్నడుగు.”

“ముందు మన గైడ్ మేడంకు ఫోన్ చెయ్యి,” అంది స్నేహ. ఇంకా బెట్టు తగ్గలేదు.

అతను అక్కడే స్పీకర్ పెట్టి చేశాడు. “మేడం, స్నేహ చెప్పిందే నిజం. నా తప్పు పట్టిచ్చింది వాళ్ల నాయిన.”

“అలాగా! ఆయనేం చేస్తారు?”

మూడేళ్లుగా ల్యాబ్‌లో ఎవరడిగినా స్నేహ ‘వ్యవసాయం’ అనేసి మాట మార్చేది. ఇప్పుడు ఫోన్ లాక్కుంది. తండ్రి చూస్తుండగానే విజేందర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“గొర్లు కాస్తడు మేడం!” అంది, వాడంతా వినపడేలా.