ఎదురు వచ్చిన సూరమ

కార్తికం ముగియవస్తున్నా చిట్టేటికి నీరు తగ్గలేదు. మూడు దిక్కులా సుడులు తిరుగుతూ పారే ఆ ఏరూ, నాలుగో దిక్కున నిట్టనిలువుగా లేచిన నల్లరాతి కొండా కాపు కాస్తుండగా, నీలగల్లు దుర్గం తన ఏడు బురుజులతో, బురుజుకొక ధ్వజంతో, ఆవలి గట్టున ఆమడ దూరం పరుచుకున్న పగవారి గుడారాలను నిర్లక్ష్యంగా చూస్తున్నట్టుండేది. ఆ నిర్లక్ష్యం ఎన్నాళ్లదో కోటలో తెలిసినవారికి తెలుసు. పగరాజు ఏటికి అడ్డంగా బండరాళ్లతో కట్ట వేయిస్తున్నాడు. అప్పటికే అది సగం ఏరు దాటింది. మార్గశిరంలో నీరు తగ్గేసరికి ఈవలి గట్టును తాకుతుంది. తాకిననాడు పదివేలమంది పొడికాళ్లతో నడిచి వస్తారు. ఆలోపల తెప్పల్లాంటి తోలు పుట్లెక్కి వెళ్లి ఆ కట్టను తెంచాలి. వేరే దారి లేదు.

దండనాయకుడు కాచానాయకుడు ఆ పనికి రెండుసార్లు బయలుదేరాడు. రెండుసార్లూ సింహద్వారం దాటకుండానే వెనక్కి వచ్చాడు. ఈనాటిది మూడోసారి.

నీలగల్లులో ఒక ఆచారం ఉండేది. సైన్యం కదిలేటప్పుడు మహారాజు ఏనుగెక్కి ద్వారం దాకా వస్తాడు. పసుపు రాసిన నీళ్లబిందెలతో పుణ్యస్త్రీలు ఎదురు నడిచి వస్తే భేరి మోగుతుంది, తలుపులు తెరుచుకుంటాయి. భర్త పోయిన స్త్రీ ఎదురైతే భేరి ఆగిపోతుంది. మరి తొమ్మిది రోజులు ప్రయాణం లేదు. ఈ ఆచారం పెట్టినవారెవరో ఎవరికీ తెలియదు. వారి కోట ఇప్పుడెక్కడుందో కూడా తెలియదు.

ఆరువందలమంది గునపాలూ కత్తులూ పట్టి నిలబడ్డారు. బిందెలతో స్త్రీలు పది అడుగులు వేశారో లేదో, ద్వారం పక్క సందులోంచి ముతకచీర కట్టుకున్న ఒక స్త్రీ వచ్చి వారికి ముందు నిలిచింది. నుదుట బొట్టు లేదు. తల వంచుకొని, తిట్లకు సిద్ధపడినదానిలా నిలిచింది.

"మళ్లీ తయారైంది ముండమోపి," అన్నాడు ఒక భటుడు.

"దానికి మనమీద ఎంత ప్రేమో. మూడుసార్లూ మనకే ఎదురు," అన్నాడు పక్కవాడు.

గోపభూపతి మహారాజు ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "కాచానాయకా, నీ శౌర్యాన్ని మేము శంకించము. నీ గ్రహాలను శంకిస్తున్నాము. మా తండ్రిగారి కాలంలో ఏ దండనాయకుడికీ ముమ్మారు అపశకునం కాలేదు."

"ప్రభూ, ఏరు శకునం చూచి తగ్గదు. ఇంకో తొమ్మిది రోజులకు తెంచడానికి కట్ట ఉండదు, దాని మీద నడిచే పగవాడుంటాడు. ఈ స్త్రీని దాటి వెళ్లనివ్వండి. ఆ పాపమేదో నా తలకు చుట్టుకోనివ్వండి."

ఏనుగు పక్క గుర్రం మీదున్న మహామంత్రి విస్సనామాత్యుడు మెత్తగా కలుగజేసుకున్నాడు. "నాయకులవారి తల ఒక్కటే అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. మహారాజు ఆయుష్షు కూడా అక్కడే ముడిపడి ఉంది."

ఏనుగు తిరిగింది. భేరి మోగలేదు.

నీరు తగ్గేదాకా సైన్యాన్ని కదలనివ్వకుంటే, కోట మారినా మంత్రిపదవి మారదని పగరాజు విస్సనామాత్యుడికి మాట ఇచ్చాడు. ఆ సంగతి ఆనాడు కోటలో ఆయనకొక్కరికే తెలుసు.

అపరాహ్ణవేళ కాచానాయకుడు ఒంటరిగా ఆ సందులోకి నడిచాడు. ప్రాకారానికి ఆనించి కట్టిన చిన్న ఇల్లు. ఆమె తలుపు వెనక్కి తప్పుకుంది.

"ఎదురుగా నిలబడకండి దొరా. ఈ పొద్దుకు చాలదా?"

"అమ్మా, నీ పేరేమిటి?"

"సూరమ. పడమటి బురుజు మీద పోయిన బల్లెంవాడు చెన్నడి పెళ్లాన్ని. నన్ను పేరడిగి ఆరేళ్లయింది."

"చెన్నడు నా పక్కనే పడ్డాడు. అతని భార్యవు, మా దారికి మూడుసార్లు అడ్డం వచ్చావు. మా మీద ఏం పగ?"

"నేను రాలేదు దొరా. నన్ను పంపుతారు." ఆమె తలుపు కొంచెం తెరిచింది. "ద్వారపాలకుడు గుమ్మం మీద కర్రతో రెండు దెబ్బలు వేస్తే నేను బయటికి రావాలి. మంత్రిగారి ఆజ్ఞ. ఒకరి రాయబారం ఆగాలన్నా, ఒకరింటి పెళ్లి చెడాలన్నా రెండు దెబ్బలు. అందుకే నాకు ఈ ఇల్లు, రోజుకు రెండు సోలల బియ్యం. పుట్టింట్లో ఉన్నప్పుడు మా వదిన పొద్దున్నే నన్ను తలుపు తెరవనిచ్చేది కాదు. ఇక్కడ తలుపు తెరవడమే నా ఉద్యోగం."

యుద్ధభూమిలో కుళ్లిన శవాల మధ్య అన్నం తిన్న కాచానాయకుడు, ఆ రెండు సోలల బియ్యం కుండను చూడలేక ముఖం తిప్పుకున్నాడు.

"ఈ మాట మహారాజుతో చెబుతావా?"

"నా ముఖం చూడనివారు నా మాట ఎలా వింటారు?"

ఆమె మాటే నిజమైంది. ఏకాంతమందిరంలో కాచానాయకుడు విన్నవించినదంతా మహారాజు ఓపికగా విన్నాడు. ఆశ్చర్యపోలేదు. మంత్రిని పిలిపించనూ లేదు. తాంబూలం నములుతూ, "బిందెల స్త్రీలను కూడా పంపేది మంత్రే కదా," అన్నాడు. "శుభమైనా ఎవరో ఒకరు ఏర్పాటు చేయవలసిందే. ఎవరు పంపితేనేం కాచానాయకా, వచ్చింది విధవే కదా."

దండనాయకుడు నమస్కరించి బయటికి వచ్చాడు.

మరునాడు తెల్లవారుతుండగా, రాజాజ్ఞ లేకుండా, ఏనుగు లేకుండా, సైన్యం ద్వారం ముందు కూడింది. కాచానాయకుడు సందులోకి వెళ్లి సూరమను వెంటబెట్టుకు వచ్చాడు. ఆమె చేతిలో తన ఇంటి నీళ్లచెంబు ఉంది. వరుసలు చెదిరాయి. కొందరు కళ్లు మూసుకున్నారు.

"వినండి," అన్నాడు దండనాయకుడు. "మీ ఆరువందలమందిలో తల్లి నుదుట బొట్టు ఉన్నవారెందరు? ఈ కోట కోసం మీ తండ్రులు చచ్చారు. ఆ చావుకు వీరస్వర్గమని పేరు పెట్టి, ఆ ఇంటి ఆడదానికి అపశకునమని పేరు పెట్టాము. నిన్న మీరు కొట్లాటకు వచ్చే ముందు మీ తల్లిని గదిలోకి పొమ్మన్నారా, లేదా? నేనూ అన్నాను, పాతికేళ్లు. నాకు రోత పుడుతున్నది. ఈమె చెన్నడి భార్య. ఈనాడు ఈమెను కర్ర దెబ్బ రప్పించలేదు, నేను ప్రార్థించి తెచ్చాను. ఈమె చేతి నీళ్లు తాగినవాడే నాతో రావాలి. రానివాడిని నేను తప్పుపట్టను."

సూరమ చెంబు వంచింది. ఆయన దోసిలి పట్టి తాగాడు. తర్వాత ఒక ముసలి భటుడు వచ్చాడు. ఆ తర్వాత నిన్న ముండమోపి అన్నవాడు వచ్చి, తల ఎత్తకుండా దోసిలి పట్టాడు. చెంబు మళ్లీ మళ్లీ నింపవలసి వచ్చింది. మూడువందల ఇరవైమంది తాగారు. తక్కినవారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. ద్వారం గడియ తాగినవారే తీశారు.

పొద్దు బారెడెక్కేసరికి పుట్లు కట్టను చేరాయి. కాచానాయకుడు నలభైమందితో కట్ట మీదికెక్కి పగవారిని నిలువరించాడు. వెనుక తక్కినవారు గునపాలతో రాళ్లు పెకలించారు. మొదటి బండ కదలడానికి గడియ పట్టింది. తర్వాత పని ఏరే అందుకుంది. అడుగున రాళ్లు జారుతున్నాయని వెనుకవారు కేకలు పెడితే, తన వాళ్లను పుట్లలోకి దూకమని ఆయన మాత్రం దూకలేదు. ఆయన కదిలితే ఈటెలు వాళ్ల వీపుల్లో దిగుతాయి. కట్ట కూలింది. దానితోపాటు ఆయనా తన ఎదుట ఉన్న పగవారితో సహా చిట్టేట్లో కలిశాడు. రెండు రోజులకు దేహం దిగువ రేవులో దొరికింది. ఐదో రోజుకు ఆవలి గట్టున ఒక్క గుడారం లేదు.

విజయసభలో వందిమాగధులు గోపభూపతి జాతకాన్ని జాము సేపు పొగిడారు. విస్సనామాత్యుడు లేచి, "ప్రభువుల గ్రహబలం కోటను నిలిపింది. విధవ ఎదురు నాయకుణ్ణి మింగింది. రెండు శకునాలూ ఫలించాయి. శాస్త్రం పొల్లుపోలేదు," అన్నాడు. సభ తలలూపింది. ఆ తలలన్నీ బతికుండటానికి కారణమైనవాడి దినం ఇంకా తీరలేదు. సూరమను కోట నుంచి వెళ్లగొట్టాలని ఆజ్ఞ అయింది.

పన్నెండో రోజున వీరుడి ఖడ్గానికి పూలమాల వేయడానికి మహారాజు కదిలాడు. వీధి మొదట ఏనుగు ఆపి మంత్రిని ముందు పంపాడు. కాచానాయకుడి భార్య మైలమ గడపలో ఖడ్గం పట్టుకొని నిలబడి ఉంది. ఆజ్ఞ అయిననాటి నుంచి మైలమ తన ఇంట దాచిన సూరమ ఆమె పక్కన ఉంది.

"అమ్మా, ఖడ్గాన్ని అరుగు మీద పెట్టి తాము లోపలికి దయచేయండి," అన్నాడు మంత్రి. "ప్రభువులు వస్తున్నారు."

"ఎందుకు వస్తున్నారు?"

"గౌరవించడానికి."

"ఎవరిని?"

మంత్రి ఖడ్గం వైపు చేయి చూపాడు. మైలమ గొంతు పెంచకుండా అంది: "ఈ ఇనుము నా భర్త కాదు మంత్రిగారూ. ఆయన మిగిల్చి పోయింది నన్ను. నా ముఖం చూడలేని రాజుకు ఆయన కత్తిని చూసే అర్హత లేదు. పద సూరమా."

ఇద్దరూ గడప దిగి నడివీధిన ఏనుగుకు ఎదురు నడిచారు. మహారాజు ఉత్తరీయం ముఖానికి కప్పుకొని, "తిప్పు, తిప్పు," అని మావటిని తొందరపెట్టాడు. పదివేలమంది పగవారికి బెదరకుండా నిలిచిన కోటకు అధిపతి, ఇద్దరు ఆడవాళ్లు ఎదురైనందుకు వెన్నుచూపి వెళ్లిపోయాడు. ఆ స్త్రీలు ఆగలేదు. సింహద్వారం దాటి, రేవు దాటి వెళ్లారు. సూరమ చేతి నీళ్లు తాగి బతికి వచ్చినవారంతా పెళ్లాం బిడ్డలతో వారి వెనుక నడిచారు. గోడవైపు తిరిగి నిలబడినవారు కొన్నాళ్లు కోటలోనే ఉన్నారు గాని, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక, ఒక్కొక్కరే జారుకున్నారు.

మరుసటి ఏడు కార్తికంలో పగరాజు మళ్లీ వచ్చాడు. కట్ట మళ్లీ లేచింది. ఈసారి ఎదుర్ల విషయంలో ఏ లోపమూ జరగకుండా విస్సనామాత్యుడు దగ్గరుండి చూసుకున్నాడు. పదకొండుమంది పుణ్యస్త్రీలు పసుపు బిందెలతో నవ్వుతూ వచ్చారు. పంజరంలోంచి వదిలిన పాలపిట్ట కుడివైపుగా ఎగిరింది. గోపభూపతి తృప్తిగా తలపంకించి, సైన్యాన్ని నడవమని చేయి ఊపి, వెనక్కి తిరిగి చూశాడు.

వీధి చివరిదాకా ఎవరూ లేరు.