పదో గుడ్డ

సోమవారం పొద్దున ఆ ఇంట్లో పాలు పొంగి పొయ్యంతా కారిపోయాయి. డాక్టరమ్మ జెసింతా పొయ్యి పక్కనే నిలబడి చూస్తూ ఉంది గానీ స్టవ్ ఆపలేదు. కోడలు డయానా తడిచేతులతో పరుగున వచ్చి ఆపింది.

"నిన్న చర్చిలో పూజకు రాలే. మధ్యాన్నం అన్నానికి రాలే. ఈ పొద్దు పాలు కూడ చూసుకోలేవా?" అంది జెసింతా.

"మీరు పక్కనే ఉండారు కదత్తా."

"నేనుండేది పాలు కాసుకునేదానికి కాదమ్మా."

ఇది ఏడు ఆదివారాలుగా నడుస్తున్న యుద్ధం. గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో ఆ ఇంటి ముందు గదుల్లో ముప్పై ఏళ్లుగా జెసింతా కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేస్తోంది. పెళ్లై వచ్చినప్పటి నుంచీ డయానాయే ఆమెకు సాయం. కరిచే కుక్కను పట్టుకోవాలన్నా, కత్తులూ గుడ్డలూ సిద్ధం చేయాలన్నా ఆమే. అయినా ఊళ్లో అందరికీ ఆమె 'డాక్టరమ్మ కోడలు', అంతే. తనకంటూ ఒక పేరు కావాలని డయానా బెంగళూరులో పశువైద్య నర్సుల శిక్షణలో చేరింది. పది ఆదివారాల చదువు, చివర్లో పరీక్ష. ఇంకా మూడు ఆదివారాలు మిగిలాయి. ఆ మూడూ గడిస్తే చాలని ఆమె పళ్లబిగువున లాక్కొస్తోంది.

ఆ శిక్షణ ఇచ్చేవాళ్లే డాక్టర్లకు కూడా కొత్త పద్ధతుల క్లాసులు పెట్టామని జెసింతాకు ఉత్తరం రాశారు. "నాకు నేర్పేవాళ్లు ఇంగా పుట్టలే" అని డాక్టరమ్మ ఆ కాగితం పరుచుకుని ఉల్లిపాయలు తరిగింది. అహంకారానికి కూడా ఒక హద్దుండాలి!

పది గంటలకు బేతమంగళ నుంచి మునివెంకటమ్మ తన కుక్క బ్లాకీని ఆటోలో తెచ్చింది. గర్భసంచిలో చీము పట్టింది, ఆపరేషన్ తప్పదు. "బిడ్డ మాదిరి సాకినాను డాక్టరమ్మా, కాపాడు" అని ఆమె వరండాలో కూలబడింది. వేమగల్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన జెసింతా కొడుకు సెల్విన్ కళ్లు నులుముకుంటూనే సెలైన్ సీసా పట్టుకున్నాడు.

కత్తి పెట్టేముందు డయానా గోడ మీది పలకపై పది అంకె వేసింది.

"అదేంది?"

"నెత్తురు అద్దే గుడ్డలు పది పెట్టినానత్తా. కుట్టేముందు మళ్లా పదీ లెక్క రావాల. రాకుంటే కుట్టనీకూడదని క్లాసులో చెప్పినారు."

"కుట్టనీకూడదా? నన్నా? నువ్వా?" జెసింతా కొడుకు వైపు తిరిగింది. "ఇన్నావేమిరా?"

సెల్విన్ సీసా వైపే చూశాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య ఆ మగానుభావుడు ఎప్పుడూ చూసేది పక్కకే.

ఆపరేషన్ బాగానే జరిగింది. లోపలి కుట్లన్నీ వేసి, పై చర్మానికి సూది గుచ్చబోతుండగా డయానా ట్రేలోని గుడ్డలు లెక్కబెట్టింది.

"అత్తా, ఆపండి."

"పది ఉండాయి కదా. నేనూ చూసినాను."

"పది ముక్కలుండాయి. దాంట్లో రెండు సగం సగం. ఒక గుడ్డని మీరు చించినారు. అంటే తొమ్మిదే. ఒకటి లేదు."

జెసింతాకు గుడ్డ చించి వాడే అలవాటు పాతది. సర్కారు పశువుల ఆసుపత్రిలో కూడా ఉద్యోగం చేసిన రోజుల్లో గుడ్డలు ఎప్పుడూ చాలేవి కావు, పొదుపు చేయకపోతే రెండో కుక్కకు మిగిలేవి కావు. రిటైరైనా ఆ చెయ్యి మారలేదు.

బకెట్ వెతికారు. బల్ల కింద వెతికారు. ఎక్కడా లేదు.

"యాడో పడుంటాది. నేను కుడతా ఉండాను."

"కుట్టద్దండి. లోపలుంటే చచ్చిపోతాది."

"నీ ఏడు ఆదివారాలు నా ముప్పై ఏళ్లకి పాఠం చెప్పేదా? ముసలి కుక్క, మత్తు ఎక్కువైతే గుండె ఆగిపోతాది, అది చెప్పలేదా మీ క్లాసులో? బయటికి పో!"

డయానా కదల్లేదు.

"లోపల లేకుంటే ఇంగ నేను క్లాసుకే పోను. పరీక్షా రాయను. మీరు చెప్పినట్ల ఇంట్లోనే పడుంటాను. తెరిచి చూడండత్తా."

జెసింతా కుట్లు కత్తిరించి, మళ్లీ కడుపు తెరిచింది. ఆ మూల, ఈ మూల వేళ్లతో వెతికింది. చాలాసేపు వెతికింది.

ఏమీ లేదు.

మళ్లీ కుట్టి పక్కకు తిరిగేసరికి ఆమె రబ్బరు చెప్పు కింద ఎర్రగా ఏదో అంటుకుని లేచింది. అదే పదో గుడ్డ.

"చాల్లే డయానా! ఇంగ మానుకో ఈ చదువు. ఒక ప్రాణంతో ఆడుకుంటివి" అని అరిచాడు సెల్విన్. అంతసేపూ రాని నోరు అప్పుడొచ్చింది.

డయానా తలదించుకుని లోపలికి వెళ్లిపోయింది. తాను మాట ఇచ్చింది, పందెం ఓడిపోయింది. క్లాసు పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతుంటే కన్నీళ్లు టపటపా రాలాయి. ఇక జీవితమంతా డాక్టరమ్మ కోడలే.

సాయంత్రం జెసింతా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చుంది. డయానా తల ఎత్తలేదు.

"మీరే గెలిచినారు. నేను పోనులెండి."

"గుడ్డ దొరక్కుండా ఎంతసేపు వెతికినానో చూసినావా?" అంది జెసింతా. "ఇరవై రెండేండ్ల కింద, ముందర గదిలోనే, గనిలో పనిచేసిన ఒక ఫోర్‌మన్ కుక్కకి ఆపరేషన్ చేసినాను. పది దినాలకి చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో చూడమని అతనే ఎత్తుకొచ్చినాడు. ఒక్కదాన్నే కోసి చూసినాను. లోపల గుడ్డ ఉండింది."

డయానా తల ఎత్తి చూసింది.

"గుండె బలం లేక పోయిందని చెప్పినాను. అతను ఏడ్చి, నాకే దండం పెట్టినాడు. చచ్చిపోయేదాకా ప్రతి క్రిస్మస్‌కీ కేకు తెచ్చిచ్చినాడు. నేను తిన్నాను డయానా. మీ మామక్కూడ చెప్పలే. నువ్వు పలక మీద పది అని రాసినప్పుడు నాకు నీ మీద కోపం కాదు, భయం."

డాక్టరమ్మ ఏడవడం డయానా ఎప్పుడూ చూడలేదు. ఏం చేయాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ పొద్దు నా పక్కన లెక్కబెట్టేవాళ్లు లేరు. ఆదివారం రైలుకి పో. నేనూ వస్తాను, డాక్టర్ల క్లాసు అదే దినం అంట."

అప్పుడే వరండాలోంచి మునివెంకటమ్మ కేకేసింది. బ్లాకీ కళ్లు తెరిచింది. ఇద్దరూ బయటికి వచ్చారు.

"ఏమ్మా, అంతసేపు ఎందుకు పట్టింది? నా గుండెకాయ నోట్లోకొచ్చింది" అంది ముసలామె.

డయానా నోరు తెరవబోయింది. "నా..."

"నువ్వుండు" అంది జెసింతా. "రెండుసార్లు తెరిచినాను మునివెంకటమ్మా. గుడ్డ ఒకటి లెక్కకి రాలే. లోపలేమీ లేదు, నా చెప్పు కింద దొరికింది. నేను గుడ్డ చించినందుకు లెక్క తప్పింది. తప్పు నాది."

"రెండుసార్లు కోసినారా నా బిడ్డని!" మునివెంకటమ్మ విరుచుకుపడింది. "నోరులేని దానికి ఎంత నొప్పి! నీ చేతులు పడిపోను! పెద్ద డాక్టరని నమ్మి వస్తే ఇదా చేసేది? ఊరంతా చెప్తాను!"

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. సెల్విన్ అడ్డం పోబోతే జెసింతా చేత్తో వారించింది. తలవంచుకుని, ఒక్క మాటా ఎదురు చెప్పకుండా, ఆ తిట్లన్నీ నిలబడి పడింది. ఇరవై రెండేళ్ల కిందటే ఆమెకు అందాల్సిన తిట్లవి. కళ్లనీళ్లు చెంపల మీదికి జారుతున్నా ఆమె తుడుచుకోలేదు. డయానా వచ్చి అత్త పక్కనే నిలబడింది, సగం తిట్లు తానూ తింది.