ఎత్తవద్దన్న ఫోను

ఉపేంద్రకీ దీపికకీ తొలి తగువు మిస్‌డ్ కాల్ మీదే వచ్చింది.

శ్రీకాకుళంలో ఇద్దరిదీ ఒకే ఫోన్ల కంపెనీలో ఉద్యోగం, దూరపు వరసకు బావామరదళ్లు. మాటలకో నెట్‌వర్కు, మెసేజ్‌లకో నెట్‌వర్కు, రీఛార్జ్‌లకో నెట్‌వర్కు అని ఎవరి పొయ్యి వారిదిగా ఉన్నవాటికి ఉమ్మడిగా పెళ్లివంటలకు ఒక్క గాడిపొయ్యి తవ్వినట్టు, ఒకే డిజైన్ తయారు చేయాలి. గీసేది అతను, తప్పులు పట్టేది ఆమె. ఇక తగువులకు కరువా!

"రద్దీ పెరిగితే, ఎత్తకముందే కట్ చేసే అలవాటున్న నంబర్ల కాల్స్‌ని నా డిజైన్ ఆపేస్తాది. దండగ కాల్స్ కదా," అన్నాడు.

"దండగేటి బావా? మా నానమ్మకి అదే ఉత్తరం. ఒకసారి మోగితే సేరినాను. వెంటనే రెండోసారి మోగితే బస్సు తప్పింది."

"మూడోసారి మోగితే?"

"నీకెందుకు?" అని తల తిప్పేసుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె వద్దన్నా ఆ నియమం అలాగే ఉండిపోయింది. దీపిక నానమ్మ ఊరున్న కోటబొమ్మాళి వైపు టవర్లను పరీక్ష కోసం కొత్త పద్ధతిలోకి మార్చిన వారమే, రెండువేల పదమూడు అక్టోబరులో, తుపాను వస్తోందన్నారు.

"ఎల్లొద్దే దీపికా."

"నానమ్మ పెంకుటింట్లో ఒక్కర్తీ ఉన్నాది. ఆవుని వదిలి రాదంట. సేరగానే మోగిస్తాను, ఎత్తకు, బ్యాలెన్స్ అడుగంటింది. కరెంటుండదు, మిగతా టైములో ఆపేస్తాను."

పొద్దున బస్సెక్కింది. మధ్యాహ్నానికి ఆకాశం అట్లపెనంలా నల్లబడింది. నరసన్నపేట దాటాక హైవే మీద చెట్లు పడ్డాయని ఎవరో అన్నారు. ఉపేంద్ర చేస్తే ఆపేసి ఉందంటోంది. ఆమె నుంచి రింగు లేదు.

ఉన్నట్టుండి అతనికి తట్టింది. ఆమె మోగించే ఉంటుంది. ఆపింది తన డిజైనే.

పెద్ద ఆఫీసరు నరసింగరావు దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఆ నియమం తీసేస్తాను."

"ఈ రద్దీకి మొత్తం పడిపోతే?"

"నన్ను పీకేయండి. ఒడ్డునున్న ఊళ్లన్నీ ఇలాగే మోగిస్తంటాయి సార్, ఇక్కడ ఎవరికీ వినపడదు."

ఆయన కిటికీ అవతల వంగిపోతున్న కొబ్బరిచెట్టును చూసి, తలూపాడు.

నియమం తీసేశాడు. నెట్‌వర్కు ఊగిసలాడి నిలబడింది. ఫోను మాత్రం రాయిలా పడి ఉంది. ఎంతసేపు చూశాడో, దేవుడికే తెలియాలి.

మోగింది. ఆగిపోయింది.

చేరింది! అని ఊపిరి వదిలాడో లేదో, మళ్లీ మోగింది.

బస్సు తప్పిందా? ఈ గాలిలో రోడ్డు మీద నిలబడి ఉందా?

మూడోసారి మోగింది. ఇక ఆగలేక ఎత్తేశాడు.

"ఎత్తొద్దన్నాను కదా బావా," అంది దీపిక. "ఇంట్లోనే ఉన్నాం. సేరినప్పట్నుంచి ఎన్నిసార్లు మోగించానో."

"తెలుసే. తప్పు నాదే. మూడంటే ఏటో సెప్పు."

అటునుంచి గాలి హోరు. ఆ హోరులోంచి నానమ్మ జగ్గమ్మ గొంతు వినిపించింది: "మూడంటే రమ్మని రా నాయనా. మా ఇంట్లో అది మొగుడికే ఇస్తారు."

"నానమ్మా!" అంటూ ఉండగానే బ్యాలెన్స్ అయిపోయి లైను తెగింది.

ఉపేంద్ర కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ఫోను ఆపేసేలోపే నంబరు నొక్కి, మోగగానే కట్ చేశాడు. మళ్లీ నొక్కాడు. మళ్లీ.