షుగర్ మిషనుకు ముహూర్తం

“పొద్దున ముహూర్తం షాట్ అయ్యేలోపు సూర్యప్రకాశరావుని చంపేస్తారు.”

జూబ్లీహిల్స్ గుట్ట మీద ఆగిన అంబాసిడర్‌లో చీఫ్ పట్టాభిరామయ్య గొంతు తగ్గించాడు. “మిస్సైల్ సైంటిస్ట్. తమ్ముడి సినిమాకి కెమెరా స్విచాన్ చేయడానికి వస్తున్నాడు. విదేశీ ముఠా ప్రసాదం లడ్డూలో విషం కలిపిందట.”

“ఎవరు చెప్పారు సార్?” ఏజెంట్ శేషారత్నం అడిగింది.

“హీరోయిన్ లీలాకుమారి. ముఠాలో మన మనిషి.”

తెల్లారేసరికి శేషారత్నం ఫిల్మ్‌నగర్ స్టూడియోలో హెయిర్ డ్రెసర్. చేతిలో దువ్వెన, కొప్పులో వైర్‌లెస్ మైక్. లడ్డూలన్నీ అప్పటికే మార్పించింది.

సూర్యప్రకాశరావు లడ్డూ అందుకోబోయాడు. లీలాకుమారి నవ్వుతూ అడ్డం వచ్చింది.

“షుగర్ పెట్టుకుని స్వీటా అంకుల్! ఇదిగో, మీకోసం సింగపూర్ నుంచి తెప్పించాను. గ్లూకోమీటర్. ఇక ల్యాబుల చుట్టూ తిరగక్కర్లేదు. ఈ పెన్ను వేలికి ఆనించి నొక్కండి. ఒక్క చుక్క రక్తం చాలు.”

“భలే ఉందమ్మా!” ఆయన పెన్ను వేలికి ఆనించాడు.

శేషారత్నం చూపు లీలాకుమారి చేతిలోని గ్లూకోమీటర్ డబ్బాలో పడింది. సూదుల ప్యాకెట్‌కి సీలు విప్పలేదు. మరి పెన్నులో సూది ఎక్కడిది? లడ్డూ కబురు మన చూపు మళ్లించడానికేనా?

అరిస్తే ఆయన ఉలిక్కిపడి నొక్కేస్తాడు. పక్కనే ఉన్న ప్రొడక్షన్ మేనేజర్‌తో మెల్లగా అంది. “జంగయ్యగారూ, కొత్త మిషను. పూజ చెయ్యలేదు.”

సెట్‌లో కొత్త లైటు వచ్చినా బొట్టు పెట్టందే వెలిగించరు. జంగయ్య ఒక్క ఉదుటున పెన్ను లాక్కున్నాడు.

“ఏంది సార్ గిట్ల? బొట్టు పెట్టకుంట కొత్త మిషన్ ముట్టుకుంటరా? జర ఆగుండ్రి!”

కుంకుమ పెట్టాడు. హారతి ఇచ్చాడు. పెన్ను శేషారత్నం అందుకుంది.

“స్విచాన్ తెచ్చినవాళ్లే చెయ్యాలి కదండీ! మేడమ్, మీ వేలు ఇవ్వండి.”

యూనిట్ అంతా చప్పట్లు కొట్టింది. ముహూర్తం రోజున కాదంటే అపశకునం. సూది దగ్గరకొస్తుంటే లీలాకుమారి మొహంలో రంగు పోయింది.

“వద్దు! అందులో...”

నాలుక కరుచుకుంది. మరుక్షణం గేటువైపు పరుగు. శేషారత్నం కెమెరా ట్రాలీని బలంగా తన్నింది. పట్టాల మీద దూసుకెళ్లిన ట్రాలీ లీలాకుమారిని పడగొట్టింది. మఫ్టీ పోలీసులు చుట్టుముట్టారు.

సూర్యప్రకాశరావు తన వేలిని తానే చూసుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. జంగయ్య మాత్రం వాచీ చూసుకుని నెత్తి కొట్టుకున్నాడు.

“ముహూర్తం దాటుతుంది! హీరోయిన్ని పోలీసులు పట్టుకపోయిండ్రు. ఇప్పుడు క్లాప్ ముందల ఎవరు నిలబడాలె?”

అందరూ హెయిర్ డ్రెసర్ వైపు చూశారు.

శేషారత్నం సిగ్గుపడుతూ దువ్వెన వెనక్కి దాచుకుంది.

“అమ్మో, నాకు యాక్టింగ్ రాదండీ.”