గంట మోగితే ఆగాలి

టకటకమ్మ మీద కవిగారి ఫిర్యాదు ఒక్కటే: కత్తి పట్టకుండానే తన కవిత్వాన్ని ముక్కలు చేస్తోంది.

టైపు కొట్టే ఆ అమ్మాయికి వీధి పెట్టిన పేరు అది. కవిగారు ఆమె ఇంటి ముందుగదిలో పచార్లు చేస్తూ చెబుతారు, ఆమె కొడుతుంది. ఆయన ఊపందుకునేసరికి మెషీన్లో గంట మోగుతుంది. "ఆగండి, లైనయిపోయింది" అంటూ ఆమె చెయ్యెత్తుతుంది. రైలులా సాగవలసిన పాదం రిక్షాలా ఆగుతుంది.

"మీ మెషీన్‌కి అప్పుడే ఆయాసమా?"

"మెషీన్‌కి కాదు, మీకే. కాస్త కూర్చోండి."

సోమవారం నుంచి ఆమెకు వేరే ఊళ్ళో ఆఫీసు ఉద్యోగమట. పుస్తకంలో ఆఖరి కవిత మిగిలింది. అందుకే కవిగారు ఆవేళ వానలోనే, చెప్పిన వేళకంటే ముందే వెళ్ళారు. గుమ్మంలో గొడుగు మూస్తూ చూశారు. ఆమె ఎవరో ప్లీడరు కాగితం కొడుతోంది. లైను ఈ అంచున మొదలై ఆ అంచుదాకా వెళ్ళింది. అప్పుడు మోగింది గంట.

"ఇదేం అన్యాయమండీ! ప్లీడరుకి కాగితమంతా, నాకు సగమేనా?"

ఆమె వేళ్ళు ఆగిపోయాయి.

"మీరొస్తే మార్జిన్‌ని ఇవతలికి జరిపేదాన్ని, గంట తొందరగా మోగాలని."

"నామీద అంత కక్షా?"

"గంట మోగితే ఆగుతారు. ఆగితే నా వైపు చూస్తారు. లేకపోతే ఎంతసేపూ పైకప్పు కేసే కదా మీ చూపు!"

కవిగారికి ఇంట్లో ఒంటరిగా రాయబోతే కలం ఎందుకు మొరాయిస్తుందో, చెవి దేనికోసం ఎదురుచూస్తుందో ఇన్నాళ్ళకు తెలిసింది.

"ఆ గంట లేకపోతే లైనెక్కడ ఆపాలో నాకు తెలీదండీ."

"గంటే కావాలంటే సైకిల్ షాపులో దొరుకుతుంది."

"చెయ్యెత్తే మనిషి దొరకదుగా!"

లోపలి గదిలో ఆమె నాన్న పేపరు దించాడు. "ఏమోయ్ కవీ, ఆ గంట సంగతి నాకెప్పుడో అర్థమైంది. నీకర్థం కావడానికి మా అమ్మాయి పెట్టె సర్దుకోవాల్సొచ్చిందా?"

"ఉద్యోగం మాత్రం మాననండీ" అంది ఆమె, తల వంచుకునే.

"మానమని ఎవరన్నారు? కవిత్వానికి ఏ ఊరైతేనేం! నేనూ వస్తాను."

పెళ్ళయ్యాక ఆ ఊళ్ళో అద్దెకు తీసుకున్నది ఒకటే గది, దానికి ఒకటే కిటికీ. వెలుతురు కావాలని మెషీన్ బల్లా కుర్చీతో అక్కడ తిష్ట వేసింది. ఈసారి కవిగారినే మార్జిన్‌కి జరిపారు. గోడవార చాప మీద కూర్చుని, గంట మోగినప్పుడల్లా తలెత్తి చూస్తూ, వచ్చిన వాళ్ళందరికీ ఆయన కొత్త ఫిర్యాదు వినిపిస్తుంటారు. కిటికీ పక్కన తాను పోగొట్టుకున్న స్థలం కొలతతో సహా: పొడవు నాలుగడుగులు, వెడల్పు మూడడుగులు.