అబద్ధాల మొగ

"బారెడు నీళ్ళకు బెదరకు తమ్ముడా,
మూరెడు నీళ్ళకు మేలుకో...
జానెడు నీళ్ళకు..."

జానెడు నీళ్ళకు ఏం చెయ్యాలో కూడా ఆ పాటలో ఉండేది. చిన్నప్పుడు ఏటిగట్టు మీద ఆడపిల్లలంతా చేతులు పట్టుకుని గిర్రున తిరుగుతూ పాడేవాళ్ళు. ఆ పిల్లల్లో ఒకావిడకి ఇప్పుడు యాభై ఆరు దాటాయి. మొదటి రెండు వరసలూ నోట్లోనే ఉన్నాయి, మూడోది మాత్రం ఎంత గింజుకున్నా రాదు. ఆ రాత్రీ అంతే... ఒళ్ళో పిల్లిని పెట్టుకుని, పాట సగం దాకా పాడి, ఆగి, మళ్ళీ మొదటికొచ్చి — అలా పాడుతూనే ఉందట, పడవ అబద్ధాల మొగ దగ్గరికి వచ్చేదాకా.

ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు కదా. ఆ మొగకి మాత్రం ఆ పాడు పేరు పడింది. లోపలికెళితే ఊరు, బయటికొస్తే సముద్రం, మధ్యలో నీళ్ళ కింద ఇసుక మేటలు. ఇవాళ ఇక్కడున్న మేట రేపటికి ఇంకో చోట తేలుతుంది. అందుకని ఏ పడవ వచ్చినా ముక్కు మీద ఒక మనిషి కూర్చుని, గెడకర్ర నీళ్ళలో దింపి, లోతు కేకెయ్యాలి. "రెండు బారలు! బారన్నర, కుడికి!" అని. వెనక చుక్కాని పట్టినవాళ్ళు "సరే" అనాలి. సరే అంటేనే విన్నట్టు. వినబడకపోతే మళ్ళీ కేకెయ్యాలి.

ఎప్పుడో, ఇప్పటి ముసలివాళ్ళు పుట్టకముందు, మనుషుల్ని దాటించే పడవ ఒకటి అక్కడ బోల్తాపడింది. ముక్కు మీద కూర్చున్నది ఒక ఆడమనిషి. ఆవిడే లోతు తప్పు పిలిచిందన్నారు. పోయినవాళ్ళ తరఫున మాట్లాడే నోళ్ళు ఉండవు కదా... అదే ఖాయమైపోయింది.

అప్పట్నించీ రాత్రిపూట ఆ మొగలోకి వచ్చేవాళ్ళకి ఒక గొంతు వినబడుతుందట. ముందు నించి, నీళ్ళ మీద నించి, తీరిగ్గా లోతు పిలుస్తుందట. అబద్ధపు లోతు. నమ్మామా — అయిపోయినట్టే.

మూడు పడవలు అక్కడే పోయాయి. ఒక పడవవాళ్ళు తెలివిగా చెవుల్లో దూది కుక్కుకుని మరీ వెళ్ళారు. అయినా పోయారు. ఇంకొకతను, ఆ గొంతు కుడికి అంటే తను ఎడమకి తిప్పాడు. అతని పడవ పక్కటెముకలు ఇప్పటికీ నీరు తీసినప్పుడు బయటపడతాయి.

అందుకని చీకటిపడితే ఎంత మొనగాడైనా మొగ బయటే లంగరు వేసుకుని తెల్లారేదాకా కునుకు తీస్తాడు.

ఆ పాట పాడే ఆవిడా, ఆవిడ మొగుడూ కూడా అలాగే ఆగాల్సినవాళ్ళు.

ఆయన పడవ ఇంజన్ల మెకానిక్. ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన చెవి ఆనించి ఆనించి, చెవులు మందగించాయి. ఏదైనా రెండుసార్లు చెప్పాలి, రెండోసారి అరిచి చెప్పాలి. ఆవిడ పడవల మీద కప్పే టార్పాలిన్లు కుడుతుంది. పిల్లలు లేరు. ఆ ఇంట్లో తలుపు తియ్యగానే ఎదురొచ్చే ప్రాణం ఒక్కటే — పిల్లి. దాని పేరు గ్రీజు. పదకొండేళ్ళ కిందట షాపులో గ్రీజు డబ్బాలో పడి, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా దొరికింది. మూడుసార్లు కిరసనాయిలుతో తుడిచి, నాలుగుసార్లు సబ్బు పెడితే తెల్ల పిల్లి అని తేలింది.

"నువ్వు కుట్టు మిషన్ తొక్కుతుంటే దాని తోక ఎక్కడుందో చూసుకుని తొక్కుతావు. నా కాలు మీద మాత్రం సుత్తి పడేస్తావు" అనేవాడాయన.

"నీ కాలికి కొత్త చెప్పులు దొరుకుతాయి. దానికి కొత్త తోక ఎవరిస్తారు?" అనేదావిడ.

అలాంటి పిల్లి తిండి మానేసింది. నీళ్ళ గిన్నె ముందు కూర్చుని తాగకుండా దానివంక చూస్తూ ఉండేది. పదోరోజున పడవ తీసి, తీరం వెంబడే ఏడు గంటలు నడిపి, పట్నంలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. బయల్దేరేటప్పుడు డీజిలు పోసే అతను పడీపడీ నవ్వాడు. "బావా, మా అత్తగారికి బాగోలేనప్పుడు కూడా నేనింత డీజిలు తగలెయ్యలేదు!" అన్నాడు. ఆవిడ నవ్వలేదు.

డాక్టరు చిన్నపిల్ల. స్టీలు బల్ల మీద పిల్లి పొట్ట నొక్కి చూసి, రక్తం తీసి, చాలాసేపు చేతులు కడుక్కుంది. చెప్పలేక అలా కడుక్కుంటోందని ఆవిడకి అర్థమైపోయింది.

"కిడ్నీలు రెండూ పనిచెయ్యటం లేదమ్మా. తెల్లారేదాకా ఉంటే గొప్ప. ఇక్కడే సూది వేసేస్తే నిద్రలోనే వెళ్ళిపోతుంది. మీరు కాసేపు బయట కూర్చోండి."

బయట కూర్చోండి — ఆ మాటే ఆవిడ భరించలేకపోయింది.

వాళ్ళమ్మ పోయినప్పుడు ఆసుపత్రిలో ఇలాగే... సీసాలో నీళ్ళు పట్టుకొద్దామని వరండాలోకి వెళ్ళింది. అయిదు నిమిషాలు. తిరిగొచ్చేసరికి మంచం మీద అమ్మ చెయ్యి ఎవరికోసమో చాచినట్టే ఉంది. ఆ చేతిని ఆవిడ ఇంతవరకూ మర్చిపోలేదు.

"వద్దమ్మా" అంది. "దీన్ని ఇంటికి తీసుకెళతాం. నా చేతుల్లోనే పోనీ."

మొగ దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రి. పైగా మంచు... కళ్ళముందు తడిగుడ్డ ఆరేసినట్టు. ఆయన ఇంజను తగ్గించి, లంగరు తాడు చేతిలోకి తీసుకున్నాడు.

"తెల్లారేదాకా ఆగుదామే."

"తెల్లారేదాకా ఇది ఆగదు."

"ఏమిటీ?"

"తెల్లారేదాకా ఇది ఆగదయ్యా!" అని అరిచింది. అరిచాక ఏడుపొచ్చింది. "ఇప్పుడు పోటు మీదుంది నీరు. అరగంటలో ఇంటి మెట్ల దగ్గరుంటాం. దాని చోట్లో అది పడుకుంటుంది."

ఆయన చీకట్లోకి చూశాడు. ఆ గొంతు మాట ఎత్తలేదు, అక్కడ ఎత్తకూడదు కూడా. చివరికి తాడు కింద పడేశాడు.

"సరే. కానీ ఒక్కమాట. మధ్యలో కేబిన్ అడ్డం, నాకు నువ్వు కనబడవు. ఈ చీకట్లో నీ గొంతే నాకు కళ్ళు. ముక్కు మీద నించి కదిలావో... ఇద్దరం, పిల్లితో సహా, ఇక్కడే."

"కదలను."

పిల్లిని శాలువాలో చుట్టి, కేబిన్‌లో బల్ల మీద పడుకోబెట్టి, గెడకర్ర తీసుకుని ముందుకి వెళ్ళింది. కేబిన్ ముందు తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

"రెండు బారలు!"

జవాబు లేదు.

"రెండు బారలూ!"

"సరే!"

"బారన్నర! ఎడమకి!... ఎడమకీ!"

"సరే, ఎడమకి!"

ఇంజను మెల్లగా దగ్గుతోంది. రెండు పక్కలా ఏమీ లేదు. తెల్లటి మంచు, దాని వెనక నల్లటి నీళ్ళు. గెడ దింపినప్పుడల్లా ఇసుక దగ్గరవుతున్నట్టు కర్రలోంచి చేతికి తెలుస్తోంది.

అప్పుడు వినబడింది... కేబిన్‌లోంచి. చిన్న కూత. పిల్లి కూతలా లేదు, పసిపిల్ల నిద్రలో ఉలిక్కిపడ్డట్టుంది.

ఒక్క నిమిషం. ఒక్కటంటే ఒక్క నిమిషం — అనుకుంది. ఆయనకి చెప్పకుండా, గెడకర్ర చేత్తోనే పట్టుకుని, వంగి లోపలికి దూరింది.

పిల్లి కాళ్ళు కొట్టుకుంటోంది. ఎత్తి ఒళ్ళోకి తీసుకోగానే కొట్టుకోవటం ఆగింది. ముందుకాలు ఒకటి చాచి, గోళ్ళు ఆవిడ రవికలో దిగేసి, అలా పట్టుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆవిడ దాని చెవి వెనక వేలితో రాస్తూ, తెలిసీ తెలియకుండానే పాట అందుకుంది.

బారెడు నీళ్ళకు బెదరకు...

ఎంతసేపు గడిచిందో... ఏమో.

"సరే" అని వినబడింది.

వెనకనించి ఆయన గొంతు. ఆవిడ పట్టించుకోలేదు.

"సరే, కుడికి."

పడవ కుడికి తిరిగింది.

ఆవిడ చెయ్యి పిల్లి తలమీద అలాగే ఆగిపోయింది.

ఆయన ఎవరికి సరే అంటున్నాడు?

గెడకర్ర గుమ్మానికి అడ్డంగా పడి ఉంది, ఇంకా నీళ్ళు ఓడుతూ. తను ఇక్కడుంది. ముక్కు మీద ఎవరూ లేరు... తెరిచి ఉన్న తలుపులోంచి కనబడుతూనే ఉంది, మంచు తప్ప ఏమీ లేదు.

"సరే."

ఆవిడ ఊపిరి బిగబట్టి విన్నది. ఇంజను శబ్దం. అడుగున నీళ్ళ చప్పుడు. అంతే. ఇంకే గొంతూ లేదు. కానీ ఆయన వింటున్నాడు. రెండుసార్లు అరిస్తే గానీ వినబడని మనిషి... మొదటిసారికే వింటున్నాడు.

"సరే, ఎడమకి... సరే."

కేకెయ్యాలి. దాని మాట వినకు, అది నేను కాదు — అనాలి. అని? తరవాత ఎటు తిప్పమనాలి? తను గెడ దింపి ఎంతసేపయిందో. ఇప్పుడున్నది ఏ మేట పక్కనో, ఎంత లోతులోనో తనకేం తెలుసు? నడిమొగలో ఆయన చెయ్యి ఒక్క క్షణం తడబడితే చాలు.

నావల్లే — అనుకుంది. కదలనన్నాను. కదిలాను.

పడవ అడుగు ఇసకని రాసుకుంది. గర్ర్ర్ మని, కాళ్ళకింద నించి పళ్ళదాకా పాకింది ఆ చప్పుడు. గోడకి వేలాడేసిన లాంతరు ఊగింది.

లేవబోయింది. సగం లేచింది కూడా. రవికలో దిగిన గోళ్ళు వదల్లేదు. పిల్లి ఆవిడ మొహంలోకి చూసింది... నువ్వు ఉంటావు కదా, అన్నట్టు.

ఎందుకో తెలియదు — మళ్ళీ కూర్చుంది. ఇప్పటికీ తెలియదంటుంది, ఎందుకు కూర్చున్నానో. ఎవరో భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టినట్టు, భయం దానంతటదే దిగిపోయిందట.

గర్ర్ మన్న చప్పుడు ఆగింది. పడవ తేలింది. ఆపైన ఆయన ఇంక సరే అనలేదు.

పిల్లి ఒకసారి ఊపిరి తీసుకుంది. చాలాసేపటికి ఇంకోసారి. ఆ తరవాత ఆవిడ వేలికింద చెవి వెచ్చగానే ఉంది గానీ, ఆ పిల్లి ఇంక అందులో లేదు.

గోళ్ళని ఒక్కొక్కటే, దారం పోగు తెగకుండా, రవికలోంచి విడదీసింది. శాలువా కప్పింది. ఎత్తుకుని వెనక్కి వచ్చింది.

మంచు పలచబడింది. దూరంగా ఊరి దీపాలు నాలుగు కనబడుతున్నాయి. ఆయన చుక్కాని మీద వాలి, చెమట తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"ఎంత బాగా పిలిచావే! ఒక్కసారికే వినబడింది ప్రతి మాటా, చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ..."

శాలువా చూసి ఆగిపోయాడు. ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో పడవ దానంతటదే కొంచెం దూరం పోయింది.

గ్రీజు అంటిన వేళ్ళతో దాని నుదురు ముట్టబోయి, మానేసి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, అప్పుడు ముట్టుకున్నాడు.

"ఒంటరిగా పోయింది" అన్నాడు. "నువ్వేమో ముందు, నేనేమో వెనక. మధ్యలో అది ఒక్కతీ..."

"ఒంటరిగా పోలేదయ్యా."

"ఏమిటీ?"

"ఒంటరిగా పోలేదు. నా ఒళ్ళోనే పోయింది. మొగ సగంలోనే నేను లోపలికెళ్ళిపోయాను. గెడకర్ర కూడా లోపలే ఉంది, చూడు. ఆ తరవాత నేను ఒక్క కేక కూడా వెయ్యలేదు."

ఈసారి ఆయన రెండోసారి అడగలేదు. మొదటిసారికే విన్నాడు.

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. మంచు మళ్ళీ కమ్ముకుని మొగ కనబడటం లేదు. ఎవరూ ఏమీ పిలవటం లేదు. ఆవిడకి చెవుల్లో దూది కుక్కుకున్నవాళ్ళు గుర్తొచ్చారు, కుడికి అంటే ఎడమకి తిప్పినతను గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ ఆ గొంతు అబద్ధమే చెప్పిందా... లేక నిజం చెబుతుంటే వినేవాళ్ళు లేకపోయారా?

"లోతులేనా?" అంది, ఆయన చెవి దగ్గరికి వంగి. "ఇంకేమైనా అందా?"

ఆయన పెదవులు తడుపుకున్నాడు. రెండు చేతులా చుక్కాని పట్టుకున్నాడు.

"అడుగు ఇసకకి తగిలింది చూడు, అప్పుడు... ఆఖరిసారి. లోతు కాదు. నువ్వు పిల్లితో ఏదో అంటున్నావనుకుని సరే కూడా అనలేదు నేను. 'లేవకమ్మా, దాని దగ్గరే ఉండు... ఇక్కడ నేనున్నానుగా' — అంది."