ఘూర్ణాక్షుడి గాయం

కుంభగిరి రాజ్యానికి ఉత్తరాన ఉన్న కొండల్లో ఘూర్ణాక్షుడనే రాక్షసుడు ఉండేవాడు. వాడి ఒంట్లో మానని గాయమొకటి ఉంది. నొప్పి ఎక్కువైనప్పుడల్లా వాడు కొండ దిగి వచ్చి, గదతో ఊళ్ళకు ఊళ్ళను నలగ్గొట్టేవాడు. రాజు జయకేతుడు మూడు సేనలను పంపాడు. తిరిగి వచ్చింది గుర్రాలే, మనుషులు కారు. ఇక కత్తితో తీరదని ఆరుగురు వైద్యులను పంపాడు. వాళ్ళ తలలు కొండ మీది నుంచి దొర్లుకుంటూ వచ్చాయి. చివరకు రాక్షసుడే దిగివచ్చి, రాజవైద్యుడు దేవరాతుణ్ణి మూట కట్టినట్టు చంకన పెట్టుకుపోయాడు.

ఈ కబురు సరిహద్దు ఊళ్ళో వైద్యం చేసుకుంటున్న శంపాలతకు చేరింది. ఉప్పు వర్తకుడి కూతురైన ఆమె ఏడేళ్ళు దేవరాతుడి దగ్గర శిష్యరికం చేసింది.

"తల్లీ, మూడు సేనల వల్ల కానిది నీ వల్ల అవుతుందా? పోయేది ప్రాణం. వచ్చేదేమిటి?" అని తండ్రి అడ్డుపడ్డాడు.

"చెబుతాను నాన్నా. మొదటి ఏడు నేనొక మల్లయోధుడికి మందు ఎక్కువ తూచి ఇచ్చాను. అది వికటించడంతో వాడు లేచి నా మీదికి వచ్చాడు. గురువుగారు అడ్డం వచ్చి, 'తప్పు నాది, తూకం నేను సరిచూడలేదు' అన్నారు. ఆ దెబ్బకు ఆయన పన్ను ఊడి పడింది. నెత్తురు ఉమ్మేసి, నా వైపు తిరిగి, 'ఏ దినుసు ఎక్కువైంది, చెప్పు' అని పాఠం మొదలుపెట్టారు. ఒక్క తిట్టు తిట్టలేదు. అలాంటి మనిషిని వదులుకుంటే ఈ లోకంలో నాకు మిగిలే లాభమేమిటి?"

వర్తకుడు లేచి మూట సర్దాడు. దారి బత్తెంతో పాటు ఒక సంచెడు ఉప్పు ఆమె భుజానికి తగిలించాడు.

అడవి మొదట్లో మౌంజి అనే ముని చప్పిడి గంజి తాగుతూ కనిపించాడు. శంపాలత అందులో చిటికెడు ఉప్పు వేసింది. ముని లొట్టలు వేస్తూ, "ఏ వరం కావాలో కోరుకో" అన్నాడు.

"వరం వద్దు స్వామీ, ఘూర్ణాక్షుడి గుహకు దారి చెప్పండి చాలు."

"వరం వద్దనే మనిషిని ఇన్నాళ్ళకు చూశాను!"

"వరాల వెనకాల శాపాలు నడుస్తాయి. దారైతే తిరిగి రావడానికి కూడా పనికొస్తుంది."

ముని పకపకా నవ్వి దారి చెప్పాడు. ఆ దారిని రెండు తలల తోడేలు కాస్తోందనీ, దాని తలలు ఒకదాన్నొకటి నమ్మవనీ కూడా చెప్పాడు.

మర్నాటి మధ్యాహ్నం ఆ తోడేలు పొదలోంచి దూకి ఆమె ఎడమ చేతిని కరిచింది. పళ్ళు ఎముకకు తగిలాయి. శంపాలత కుడిచేత్తో ఉప్పు తీసి ఒక తల కళ్ళల్లో కొట్టింది. ఆ తల గుడ్డిగా తిరిగి, అందిన మెడను పట్టుకుంది. అది రెండో తల మెడే! రెండూ ఒకదాన్నొకటి చీల్చుకుని, అరుచుకుంటూ నెత్తుటి మడుగులో కూలాయి. ఆమె కరిచిన చేతికి కట్టు కట్టుకుని నడక సాగించింది.

కొండగుహలో దేవరాతుడు స్తంభానికి కట్టివేయబడి ఉన్నాడు. ఆయన పది వేళ్ళూ విరిగి వంకర్లు పోయి ఉన్నాయి.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాడాయన నీరసంగా. "వీడు ఒంటి మీద చెయ్యి వేయనివ్వడు. చూసి చెప్పమని రోజుకొక వేలు విరిచాడు. ఎడమ డొక్క వాచింది కదా, గాయం మూలం అక్కడే ఉంటుంది. కోసి చూడు."

పక్కనే కూర్చున్న ఘూర్ణాక్షుడు కొండచిలువలా బుసకొట్టాడు. "ఏమే పిల్లా! నన్ను ముట్టుకుంటే నలిపేస్తా!"

"ఆరుగురిని నలిపావు. నొప్పి తగ్గిందా? ఏడోదాన్ని నలిపితే తగ్గుతుందా? లెక్క నువ్వే చూసుకో."

రాక్షసుడు దేవరాతుడి మెడ మీద గోరు ఆనించాడు. "సరే, ముట్టుకో. నాకు నొప్పి పుట్టినప్పుడల్లా ఈ గోరు లోపలికి దిగుతుంది."

శంపాలత నొప్పి లేని చోట మొదలుపెట్టి, వాడి ముఖాన్ని చూస్తూ మెల్లగా వేళ్ళు జరిపింది. వాచిన డొక్కను నొక్కితే వాడి రెప్ప కూడా కదలలేదు. వీపున ఎడమ రెక్క ఎముక కింద వేలు ఆనగానే ముఖం వంకర్లు తిరిగింది. గోరు దిగింది. గురువు మెడ నుంచి నెత్తురు కారింది.

"గురువుగారూ, డొక్కలో ఉన్నది పైనుంచి జారిన చీము. మూలం వీపులో ఉంది," అన్నదామె. ఆయన మాట కాదనడం ఆమెకు అదే మొదటిసారి.

"నీ వేలు చెప్పిందా?"

"చెప్పింది."

"మరి నన్నడుగుతావేం? కోయి!"

ఆమె రాక్షసుడి వైపు తిరిగింది. "ఆ గోరు తియ్యి. ఆయన చస్తే నా చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే కత్తి నీ గుండెలోకి పోతుంది."

వాడు గొణుక్కుంటూ గోరు తీశాడు. మూడు కోతలు పడ్డాయి. గుహ అదిరేలా వాడు అరుస్తుండగా, చీము, నెత్తురు చిమ్ముకుంటూ మూరెడు పొడవున్న అడవిపంది కోర బయటికి వచ్చింది. ఆమె గాయం కడిగి, బిగించి కట్టు కట్టింది.

"ఏడు రోజులు విప్పకు. ఈ కట్టు నీ ఒంటి మీద ఉన్నంతకాలం నువ్వు నా రోగివి. నీ మీద కత్తి ఎత్తడం మా వైద్యుల కట్టుబాటు కాదు. ఇక మమ్మల్ని పోనియ్యి."

ఘూర్ణాక్షుడు భుజం కదిపి చూసుకుని విరగబడి నవ్వాడు. "నొప్పి పోయాక వైద్యులతో పనేముందే? ఇద్దరూ నాకు ఫలహారం!" గద ఎత్తబోయాడు. కట్టు బిగుతుకు చెయ్యి పైకి లేవలేదు. విసుగ్గా కట్టును పట్టి పర్రున చించి పారేశాడు.

"ఇప్పుడు నువ్వు నా రోగివి కావు!" అంటూ శంపాలత వాడి వెనక్కి ఉరికింది. తెరుచుకున్న గాయంలోకి ఆ కోరనే గుండె దాకా దించింది. రాక్షసుడు గుహ గోడను గుద్దుకుని, బండరాళ్ళతో సహా కూలి, రెండుసార్లు కాళ్ళు తన్నుకుని చచ్చాడు.

కుంభగిరిలో పండుగ చేశారు. జయకేతుడు శంపాలతకు రాజవైద్యురాలి పీఠం ఇస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. "గురువుగారు ఉండగా ఆ పీఠం నేనెక్కను," అంది.

"ఈ వేళ్ళకిక నాడి అందదమ్మా. నీ మొండితనంతో రోగులను చంపకు," అని కసిరాడు దేవరాతుడు. అంతటితో ఆగక, పీఠం ఒప్పుకున్న ఆమె వైద్యపాఠశాలలో పాఠం మొదలుపెట్టిన రోజు తానూ వచ్చి చిన్నపిల్లల వరసలో చాప మీద కూర్చున్నాడు. "అమ్మా, ఇవాళ పాఠమేమిటి?" అని అడిగాడు.

శంపాలత కళ్ళు తుడుచుకుని, "మా గురువుగారు పొరబడిన చోటు," అంది.

పిల్లలు బిక్కచచ్చిపోయారు. దేవరాతుడు మాత్రం పన్ను ఊడిన నోరంతా తెరిచి నవ్వి, బాగా వినబడాలని చాపను ముందుకు జరుపుకున్నాడు.